రెండవ చూపు

శంకర్ దర్శకత్వంలో 2018 నవంబరు 29న విడుదలైన '2.0' చిత్రం 2010 నాటి 'రోబో'కు కొనసాగింపు. తమిళంలో తీసి తెలుగులోకి అనువదించినా, చిట్టిగా రజనీకాంత్‌ను మన ప్రేక్షకులు పరాయివాడనుకోలేదు. జనం చేతుల్లోని సెల్‌ఫోన్లు ఒక్కసారిగా ఎగిరిపోవడం, అవన్నీ కలిసి మహాపక్షి రూపం ధరించడం త్రీడీలో చూసినవారికి కలిగింది, ఆలంకారికుల మాటలో చెప్పాలంటే, అద్భుత రసానుభూతి. ఆ రసం పొంగుతున్నంతసేపు ప్రశ్నకు చోటుండదు.

అదే చిత్రాన్ని ఇన్నేళ్ల తర్వాత మాదాపూర్‌లోని అద్దెగదిలో తిరిగి చూసే ఒక యువ ఇంజనీరును ఊహించండి. వింత ఏమిటంటే, ఫోన్‌ను దోషిగా నిలిపిన కథను అతడు ఫోన్‌లోనే చూస్తున్నాడు! త్రీడీ మాయ తొలగిన ఆ చిన్న తెరపై చిట్టి పోరాటాలు వెలవెలబోతాయి. అక్షయ్ కుమార్ ధరించిన పక్షిరాజు పాత్ర మనస్సును పట్టుకుంటుంది. పక్షుల కోసం జీవితాన్ని ధారపోసిన ఆ వృద్ధుడు, తన మొర ఎవరూ ఆలకించకపోవడంతో సెల్ టవర్‌పైనే ప్రాణాలు విడుస్తాడు. పేరుకు ప్రతినాయకుడే గాని, చిత్రంలో కరుణ రసాన్ని పండించేది అతడొక్కడే.

వేదన నిజమైనంత మాత్రాన ఆరోపణ నిజమవుతుందా? టవర్ల నుంచి వెలువడే తరంగాలే పక్షులను చంపుతున్నాయని చిత్రం తీర్మానించింది. విడుదలకు ముందే సెల్‌ఫోన్ సంస్థల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది. అది వ్యాపారుల మాట గనుక పక్కన పెట్టవచ్చు. పక్షులను లెక్కించేవారి మాటను అలా తోసిపుచ్చలేము. 2020లో వెలువడిన 'భారతదేశ పక్షుల స్థితి' నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. హైదరాబాదు వంటి మహానగరాల్లో మాత్రం తగ్గుతోంది. ఇందుకు టవర్లే ప్రధాన కారణమనడానికి గట్టి ఆధారం లేదనీ, పిచ్చుక పిల్లలకు మేతయైన పురుగులు తగ్గడం, గూటికి తావు కరువవడం కారణాలు కావచ్చుననీ ఆ నివేదిక చెప్పింది.

గూటికి తావు! పెంకుటింటి చూరులో, దూలాల సందున, గోడనున్న పటం వెనుక గూడు కట్టుకొన్న పిచ్చుక, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ మొదలుకొని నానక్‌రామ్‌గూడ దాకా బారులు తీరిన అద్దాల మేడలలో ఎక్కడ కాపురముంటుంది? బండరాళ్ల గుట్టలు, తుప్పలు, వాటిని ఆశ్రయించిన పురుగూ పుట్రా ఒకనాటి ఈ నేల సంపద. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్లను కూల్చడం మొదలైతే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించవలసి వచ్చింది. పక్షిరాజు ఈ దారిన వచ్చి ఉంటే ఫోన్ల జోలికి పోక, మేడల లెక్క అడిగేవాడేమో! ఫోన్‌ను నిందించడం సులువు. ఉంటున్న ఇంటినీ, జీతమిచ్చే కార్యాలయాన్నీ ప్రశ్నించడమే కష్టం. ఈ సులువైన దారినే కథకుడు ఎన్నుకొన్నాడు.

చిత్రాంతంలో శాస్త్రజ్ఞుడు వశీకరణ్, పక్షిరాజు ఆశయం మంచిదేననీ, తరంగాలకు హద్దు ఉండాలనీ మంత్రికి చెబుతాడు. అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు ఆ హద్దును మన దేశం 2012లోనే కుదించింది. గూళ్ల మాట మాత్రం ఆ సమావేశంలో ఎవరూ ఎత్తరు.