మెసేజ్ పట్నంలో, మనిషి కొండ మీద



2021లో కరోనా టీకాలప్పుడు మా ఊళ్లో జరిగింది మీ ఊళ్లోనూ జరిగే ఉంటుంది. అమ్మమ్మలకి, తాతలకి ఫోన్లు లేవు. అప్పట్లో కోవిన్‌లో ఒక్క నంబరు మీద నలుగురి పేర్లు ఎక్కించే వీలుండేది కాబట్టి చదువుకునే పిల్లలం మా నంబర్లే ఇచ్చాం. కోవిషీల్డ్ రెండో డోసుకి 84 రోజులు ఆగమన్నారు. ఆ గడువు వచ్చేసరికి మేం హాస్టళ్లలో ఉన్నాం. "రెండో డోసు వేయించుకోండి" అనే మెసేజ్ మాకొచ్చింది. వేయించుకోవాల్సిన మనిషి కొండ మీద ఉంది.

ఫోన్ చేద్దామంటే ఊళ్లో సిగ్నల్ లేదు. సంతకి వచ్చినవాళ్లతో కబురు పంపాం. ఆశా అక్క గడప గడపకీ తిరిగింది. నవంబరులో ప్రభుత్వం కూడా ఇంటింటికీ వెళ్లే 'హర్ ఘర్ దస్తక్' మొదలుపెట్టింది. మా పెద్దవాళ్లు కదిలింది మాత్రం తెలిసిన మనిషి వచ్చి, మన భాషలో పిలిచినప్పుడే.

"వాళ్లకి భయం" అని బయటివాళ్లు తేల్చేస్తారు. మొదటి డోసుకి జ్వరమొచ్చి రెండ్రోజులు కూలి పోయినవాళ్లకి తేదీ ఒక్కటే చెబితే సరిపోతుందా? "జ్వరం ఒకట్రెండు రోజుల్లో తగ్గుద్ది, పని తక్కువున్న రోజు చూసుకో, తోడు మేమొస్తాం" అని కూడా చెప్పాలి.

ఈ పని కరోనాతో అయిపోలేదు. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది, అందుకే ఆ టీకా ఏటా వేయించుకోవాలి. ముసలివాళ్లకి, గర్భిణులకి, ఆస్తమా, షుగరు ఉన్నవాళ్లకి ఫ్లూ ప్రమాదం ఎక్కువ. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి జబ్బు ఊరంతా పాకకముందే వేయించాలి. జాతీయ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో పీహెచ్‌సీ డాక్టరుని ముందే అడిగి పెట్టుకోవాలి. మన పెద్దలకి ఉచితంగా ఇవ్వమని అడిగే హక్కూ మనకుంది.

గుర్తుచేస్తే ఫలితముంటుందని లెక్కలూ చెబుతున్నాయి. 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్ష చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. ఫోనో, ఉత్తరమో, మెసేజో అందినవాళ్లలో టీకా వేయించుకున్నవారు మిగతావాళ్లకంటే సగటున నూటికి 8 మంది ఎక్కువ. వంద గడపల ఊళ్లో ఎనిమిది ఇళ్లంటే తక్కువా?

మేమైతే ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. మా నంబరు మీద ఎవరెవరి పేర్లున్నాయి, ఎవరికి ఏ టీకా ఎప్పుడు, సంతకి ఏ వారం వస్తారు, అంతే. సెలవులకి వెళ్లేముందు అది తిరగేస్తాం. మీ ఊరి పెద్దలకి మీరెలా కబురు పంపుతున్నారో రాయండి, మేమూ నేర్చుకుంటాం.

జై ఆదివాసీ.