పక్షి తన జబ్బు చెప్పుకోదు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు కోళ్ళ జబ్బుల గురించి రాస్తానంటే హాస్టల్లో అందరూ నవ్వారు. కవిత రాయరాదా అన్నారు. ప్రేమ మీద రాయొచ్చు గదా అన్నారు. కవితలు రాసేవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను జంతుశాస్త్రం చదువుకుంటున్న రైతుబిడ్డను. చిన్నప్పటి నుంచి కోళ్ళ గంపల మధ్య తిరిగాను. అందుకని నాకు తెలిసిందే రాస్తున్నాను. దీన్లో నవ్వులాట కంటే డబ్బు సంగతి, ప్రాణం సంగతి ఎక్కువగా ఉన్నాయని చదివాక మీరే ఒప్పుకుంటారు.

మా ఊరు జనగామకు దగ్గర. పత్తి అమ్మినా వడ్లు అమ్మినా ఆ డబ్బు ఎరువుల దుకాణానికీ, అప్పులకూ పోతుంది. అది బాపు చేతి డబ్బు. ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఆడే డబ్బు మాత్రం కోళ్ళది. మా నాయనమ్మను మేం బాపమ్మ అంటాం. ఆమెకు పొలం లేదు, పింఛను తప్ప వేరే రాబడి లేదు. కానీ ఇరవై రెండు కోళ్ళుండేవి. నా ఇంటర్ పరీక్ష ఫీజు, బస్సు పాసు, పండుగకు మేనత్తకు పెట్టే చీర, అన్నీ ఆ గంప కింది నుంచే వచ్చేవి. 2022 ఎండాకాలంలో ఆ ఇరవై రెండింటిలో పంతొమ్మిది ఆరు రోజుల్లో చచ్చిపోయాయి.

మొదట ఒక పెట్ట నీళ్ళ కుండ పక్కన ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. ఎండదెబ్బ అనుకుని బాపమ్మ దాన్ని నీడకు చేర్చింది. తెల్లారేసరికి ఇంకో నాలుగు ముడుచుకున్నాయి. ఆకుపచ్చటి నీళ్ళ రెట్ట, నోరు తెరిచి ఎగశ్వాస. మూడో రోజున ఒక పుంజు మెడ తిరగబడి ఆకాశం చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పసుపు పెట్టారు, వెల్లుల్లి మింగించారు. ఏదీ ఆగలేదు. ఇంతలో బేరగాడు బండి మీద జాలి పెట్టెతో వచ్చాడు. వాడలో వాళ్ళంతా ‘‘పానముండంగనే అమ్ముకుంటె నయం’’ అని సగం ధరకు అమ్మేశారు. ఆ కోళ్ళు ఆ సాయంత్రమే వేరే ఊరికి చేరాయి. వాటితోపాటు రోగమూ చేరింది. ఎవరినీ తప్పుపట్టలేం. చేతికొచ్చే నాలుగు వందలు పోగొట్టుకోవడానికి ఏ పేదింటి ఆడమనిషి ఒప్పుకుంటుంది?

దీన్నే మన దగ్గర కొక్కెర తెగులు అంటారు. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి, న్యూకాసిల్ వ్యాధి అని ఉంటుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోనూ, జావా ద్వీపంలోనూ గుర్తించారు. ఆ తర్వాత కొద్దికాలానికే కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే మనకు ఆ పేరు. ఇది వైరస్ జబ్బు. వచ్చాక మందు లేదు. టీకా లేని కోళ్ళలో కొన్నిసార్లు గంపకు గంపే ఊడ్చుకుపోతుంది. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనశాలలో 1940 దశకంలో దీనికి టీకా తయారుచేశారు. అంటే మా బాపమ్మ పుట్టకముందే విరుగుడు పుట్టింది. మా వాడకు మాత్రం రాలేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే పక్షి తన జబ్బు దాచుకుంటుంది. అది మొండితనం కాదు, ప్రకృతి ధర్మం. మందలో నీరసంగా కనిపించిన పక్షినే గద్ద ముందు ఎత్తుకుపోతుంది. అందుకని ఓపిక ఉన్నంతసేపు తిన్నట్టు, తిరిగినట్టు నటిస్తుంది. ముడుచుకుని కూర్చుందంటే ఆ నటనకు కూడా శక్తి అయిపోయిందన్నమాట. మనకు మొదటి రోజుగా కనిపించేది దానికి మూడో రోజో నాలుగో రోజో అవుతుంది. కాబట్టి పక్షిని చూడవలసింది జబ్బు చేసినప్పుడు కాదు, బాగున్నప్పుడు. బాగున్న కోడి ఎట్లా నిలబడుతుందో తెలిసినవాడికే బాగాలేని కోడి కంటబడుతుంది.

ఈ మాట కోళ్ళకే కాదు, పంజరంలో పక్షులకూ వర్తిస్తుంది. మా మేనమామ భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. ఆయన క్వార్టర్లో పిల్లల ముచ్చటకు రెండు జతల లవ్ బర్డ్స్ ఉన్నాయి. మనం అట్లా పిలిచేవి చాలావరకు బడ్జీలు, ఆస్ట్రేలియా చిలుకలు. (మన రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.) రెండేళ్ళ కింద సెలవులకు పోయినప్పుడు వాటిలో ఒకటి కొమ్మ మీద గాక పంజరం అడుగున కూర్చుని ఉంది. తింటున్నది గదా అన్నారు పిల్లలు. నిజానికి గింజల పొట్టు ఊడదీస్తున్నదే గానీ మింగడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ మీదికీ ఊగుతున్నది. అది శ్వాస కష్టానికి గుర్తు. పంజరం అడుగున తెల్ల కాగితం పరిచాం. బాగున్న పక్షి రెట్టలో ముదురు రంగు మలం, తెల్లటి సున్నం లాంటి భాగం, కొంచెం నీరు, మూడూ విడివిడిగా కనిపిస్తాయి. దీని రెట్టలో నీరే ఎక్కువ. రొమ్ము మీద వేలు పెడితే మధ్య ఎముక కత్తిలా తగిలింది. వంటింటి త్రాసులో తూచితే ఇరవై ఏడు గ్రాములు! ఈ పక్షి మామూలుగా ముప్ఫై నుంచి నలభై గ్రాములుంటుంది. మనకు నాలుగు గ్రాములు లెక్కలోకి రావు. దానికి అది ఒంట్లో పదో వంతు.

పక్షి ఒంటి వేడి నలభై డిగ్రీల సెల్సియస్ పైనే ఉంటుంది. జబ్బు చేస్తే ఆ వేడి నిలుపుకోలేక ఈకలు ఉబ్బిస్తుంది. అందుకని ముందు చేయవలసింది వెచ్చదనం ఇవ్వడం. దాన్ని వేరే పెట్టెలోకి మార్చి, ఒక పక్క మాత్రమే బల్బు పెట్టాం, వేడెక్కువైతే రెండో పక్కకు జరగడానికి. నీళ్ళు గింజలు దగ్గరగా ఉంచాం గానీ నోట్లో పోయలేదు. పక్షి ఊపిరి గొట్టం మూతి నాలుక వెనకనే ఉంటుంది. బలవంతంగా పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో మిగిలిన మాత్రలు కూడా వేయలేదు. పొద్దున్నే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చూసి మందు చుక్కలిచ్చి, పంజరం ఎక్కడ పెడతారని అడిగారు. రోజూ రాత్రి దాని కిందనే దోమల చుట్ట వెలిగిస్తున్నారు! పక్షికి ఊపిరితిత్తులతోపాటు ఒంటినిండా గాలిసంచులుంటాయి. లోపలికి పోయిన పొగ మనకంటే దానికి ఎక్కువ ఎక్కుతుంది. చుట్ట మానేశారు, పంజరం వరండాలోకి మార్చారు. పది రోజులకు అది మళ్ళీ కొమ్మెక్కింది.

పూర్వం ఇంగ్లండు బొగ్గుగనుల్లో విషవాయువు పసిగట్టడానికి కెనరీ పిట్టలను తీసుకుపోయేవారనీ, 1986 దాకా ఆ పద్ధతి ఉండేదనీ చెబితే మా మామ కాసేపు ఊరుకుని, ‘‘మా బాయిల గ్యాస్ చూసే మిషన్లున్నయ్ బిడ్డా. ఇంట్ల పిట్టకు ఏ మిషనున్నది? మన కండ్లే’’ అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అయితే చూడడం ఒక్కటే చాలదు. కొక్కెర తెగులుకు చూసి చేసేదేమీ లేదు, ముందే టీకా పడాలి. మరి పడకపోవడానికి కారణం? మేనత్త ఊరు మానుకోట దగ్గర. అక్కడ తండా ఆడవాళ్ళను చూశాకే నాకది అర్థమైంది. టీకా సీసాలో సాధారణంగా వంద కోళ్ళకు సరిపడా మందుంటుంది. ప్రాణమున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన మందు కాబట్టి మంచులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్ళున్న ఇల్లు సీసా కొంటే తొంభై డోసులు నేలపాలు. పెద్ద ఫారం వాడికి సీసా చాలదు, మా బాపమ్మకు సీసా ఎక్కువ! ఆ తండా వాళ్ళు దీనికి తేలిక ఉపాయం పట్టారు. సంఘంలో కూర్చుని ఇంటింటి కోళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఒక రోజు నిర్ణయించుకుని ముందురాత్రి ఎవరూ గంపలు ఎత్తొద్దనుకున్నారు. తెల్లవారుజామున పశువైద్య సిబ్బందిని పిలిచి, ఒక్క సీసాతో తండా అంతా వేయించుకున్నారు. ఖర్చు తలా కొంచెం.

2023 నుంచి మా వాడలోనూ అదే చేస్తున్నాం. మొదటిసారి నేనూ ఇద్దరు స్నేహితులూ కాగితం పట్టుకుని తిరిగితే పదకొండు ఇళ్ళు ఒప్పుకున్నాయి. పిల్లలకు వారం రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. ‘‘సూదేస్తె గుడ్లు బందయితయ్’’ అని కొందరు తలుపేసుకున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. గుడ్లు పెట్టే పెట్టకు ఆ సూది వేస్తే కొన్నాళ్ళు గుడ్లు తగ్గవచ్చు. అందుకే గుడ్లకు రాకముందే వేయించాలి. ఇది విడమరిచి చెప్పాక మరుసటేడు ఇంకో నాలుగిళ్ళు కలిశాయి. అప్పటినుంచి మా వాడకు కొక్కెర రాలేదు. టీకా వల్లనే అని రెండు మూడేళ్ళు చూసి రుజువైందనడం సైన్సు విద్యార్థికి తగదు గానీ, బాపమ్మ మాత్రం రుజువైందనే అంటుంది. ఇప్పుడామెకు పదిహేడు కోళ్ళు. కొత్త కోడి కొనుక్కొస్తే నెల రోజులు వేరే గంప. ఎవరైనా ముడుచుకున్న కోడిని అమ్మబోతే ఆమె నోటికి జడిసి మానుకుంటున్నారు.

ఇంకొక్క మాట. 2025 ఫిబ్రవరిలో అటు గోదావరి జిల్లాల్లో, తర్వాత మన రాష్ట్రంలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్ళు ఒక్కసారిగా కుప్పలుగా చస్తే అది కొక్కెరా, ఇంకొకటా మనం తేల్చలేం. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కోసుకు తినొద్దు, చెరువులో పారేయొద్దు. పశువైద్యశాలకు కబురు చేయాలి. వాళ్ళు చెప్పినట్టు సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.

మిత్రులారా, మనలో సగం మంది ఇళ్ళలో కోళ్ళున్నాయి. మన ఫీజుల్లో వాటి వంతు ఉంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక పొద్దున గంప ఎత్తగానే ఏది ముందు ఉరుకుతుంది, ఏది వెనకబడుతుంది అని చూడండి. ఆ తర్వాత కాగితం తీసుకుని వాడలో కోళ్ళు లెక్కపెట్టండి. వందకు దగ్గరపడితే ఒక సీసాకు సరిపోతుంది.