వాచ్ అంటే మెలకువ

టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే టీవీ తెర అడుగున ఒక పట్టీ కదులుతుంటుంది: కాలిన్, డెంటన్, డాలస్, టారంట్ కౌంటీలకు రాత్రి పది వరకు టోర్నడో వాచ్. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ మనవాళ్లకు ఆ కౌంటీలు కొట్టినపిండి. చిక్కంతా ‘వాచ్’ దగ్గరే. సినిమా వాచ్ చేయడం, చేతికి వాచ్ పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి ఎరిగినవే కాబట్టి ఇదీ తెలిసిన మాటే అనుకుంటాం. దీన్నీ, దీని వెంట వచ్చే ‘వార్నింగ్’నూ మనవాళ్లకు తెలుగులో విడమరిచి చెప్పి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం.

వాచ్ ఓక్లహోమాలోని నార్మన్ పట్టణంలో ఉన్న తుఫాను అంచనా కేంద్రం నుంచి వస్తుంది. ఎన్నో కౌంటీలకు కలిపి, కొన్ని గంటల పాటు, సుడిగాలి (టోర్నడో) పుట్టే వాతావరణం ఉందని దాని అర్థం. వార్నింగ్ స్థానిక వాతావరణ కార్యాలయం ఇస్తుంది. అంటే సుడిగాలి ఎవరి కంటో పడింది, లేదా రాడార్‌లో జాడ దొరికింది. ఇక చేతిలో ఉన్నవి నిమిషాలే. వాచ్‌ను మొదట ఫోర్‌కాస్ట్ అనేవారు. 1965 ఏప్రిల్ 11న సుడిగాలులు మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో రెండున్నర వందల మందికి పైగా బలిగొన్నాక పేరు మార్చారు. ఎంచుకున్న మాట మంచిదే. వాచ్, వేక్ ఒకే వేరు నుంచి పుట్టాయి. నిద్ర మానుకుని కాపలా కాయడం దాని పాత అర్థం. మన ‘మెలకువ’లోనూ నిద్ర లేవడం, జాగ్రత్తపడడం రెండూ ఉన్నాయి. నేటి వాడుకలో ఆ మెలకువ మరుగునపడి చూడడమే మిగిలింది. ఇక్కడ ప్రాణం తీసేది ఆ చూడడమే. 2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్‌లో సుడిగాలికి 158 మంది చనిపోయాక వాతావరణ శాఖ ఆరా తీస్తే, చాలామంది మొదటి హెచ్చరికకే లోపలికి వెళ్లలేదని, ఇంకో రుజువు కోసం ఆగారని తేలింది.

పొద్దస్తమానం ఇంగ్లిష్‌లో పనిచేసేవాళ్లకు ఇదంతా దేనికి, ఫోనే మోగుతుంది కదా అనవచ్చు. ప్రభుత్వ అత్యవసర సందేశంతో ఫోన్లు మోగేది వార్నింగ్‌కే. వాచ్‌ను మనమే పట్టించుకోవాలి. పైగా పిల్లలు ఆఫీసుల్లో ఉండగా ఇంట్లో ఉండేది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. భాష అందకపోతే ఏమవుతుందో టెక్సస్‌లోనే సరగోసా చూపించింది. స్పానిష్ మాట్లాడే ఆ చిన్న ఊళ్లో 1987 మే 22న సుడిగాలికి 30 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లల వేడుక కోసం చర్చి హాలులో చేరినవాళ్లే. వాళ్ల భాషలో సరైన హెచ్చరిక అందలేదని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు.

తెలుగు పేర్లు పెడితే గందరగోళం పెరుగుతుందన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే వాచ్, వార్నింగ్ అనే పేర్లు అలాగే ఉంచి, చేయాల్సిన పనిని తెలుగులో చేర్చాలి. మచిలీపట్నం, విశాఖ రేవుల్లో ఎగరేసే తుఫాను ప్రమాద సూచికలు ఓడల కోసమే అయినా, ‘పదో నంబరు’ అని రేడియోలో వినగానే కోస్తా జనం గుండె ఝల్లుమనేది. వినగా వినగా ఆ అంకెకు అర్థం అలవడింది; ఈ పేర్లకూ అలాగే అలవడుతుంది. టెక్సస్ ఇళ్లకు నేలమాళిగలు అరుదు కాబట్టి మన వాట్సాప్ గ్రూపుల్లో వెళ్లాల్సిన మాట ఇంతే: వాచ్ వస్తే ఫోన్లు చార్జింగ్‌లో పెట్టి, బూట్లు దగ్గర పెట్టుకుని, కిటికీలు లేని లోపలి గదినో బాత్రూమ్‌నో ఖాళీ చేసి ఉంచండి, వార్నింగ్ వస్తే బయటికి తొంగిచూడకుండా అమ్మానాన్నలతో సహా అందులోకి వెళ్లిపోండి.