ఇచ్చిపుచ్చుకున్న ఏడాది

మాది ఉద్యోగాలు చూసిపెట్టే కన్సల్టెన్సీ. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక గది, నేను, ఇద్దరు అమ్మాయిలు. కంపెనీ మనిషిని అడిగితే రెజ్యూమెలు ఏరి పంపుతాం. మనిషి చేరితే అతని ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, మా ఫీజు. అభ్యర్థి దగ్గర పైసా తీసుకోం. మనిషి చేరాకే బిల్లు వేయాలి. బిల్లు వేశాక చెక్కు రావడానికి నెలన్నర, రెండు నెలలు. 90 రోజుల్లోపు అతను మానేసినా, వాళ్లే తీసేసినా ఇంకో మనిషినివ్వాలి, లేదా ఫీజు వెనక్కివ్వాలి. అలాగని ఒప్పందంలో ఉంటుంది. మంచి రోజుల్లో ఆ వాక్యం జోలికి ఎవరూ పోరు.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మేం మనుషుల్ని పంపే కంపెనీల్లో చాలావాటికి పని అక్కడి బ్యాంకుల నుంచి, బీమా సంస్థల నుంచి వచ్చేదే. దసరాకు ఫోన్లు తగ్గాయి. దీపావళికి ఖాళీలన్నీ ‘హోల్డ్’ అన్నారు. ఆఫర్ లెటర్ అందుకున్న పిల్లలకు చేరే తేదీ వెనక్కి జరుపుతూ పోయారు. వాళ్లు చేరనిదే మాకు బిల్లు లేదు. ఒక కంపెనీ అయితే ఆగస్టులో చేర్చుకున్నవాళ్లను 90 రోజులు నిండకముందే తీసేసి, ఇచ్చిన ఫీజు తిరిగి కట్టమంది. ఆ డబ్బు అప్పటికే జీతాలకూ అద్దెకూ అయిపోయింది. గాజులు తాకట్టు పెట్టి కట్టాను.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడింది. ఖాతాల్లో ఉందని చూపిన నగదులో ఐదువేల కోట్లకు పైగా అసలు లేనేలేదు. ఆ కంపెనీలో యాభైవేల మందికి పైగా పనిచేస్తున్నారు. ఆ వారమంతా రెజ్యూమెలు వచ్చిపడుతూనే ఉన్నాయి. “మేడం, జీతం తగ్గినా పర్లేదు, ఈఎంఐ ఆగితే కష్టం” అని ప్రాజెక్టు మేనేజర్లు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచేది కాదు. మా దగ్గర మనుషులున్నారు, ఉద్యోగాలే లేవు.

ఆ బిల్డింగులో అందరిదీ అదే స్థితి. పక్క గదిలో టాక్స్ కన్సల్టెంటు, కింద ప్రింటింగ్ ప్రెస్, మెట్ల దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు. ఎవరి దగ్గరా డబ్బు లేదు, అందరి చేతుల్లో పనితనం మాత్రం ఉంది. మొదట అడిగింది టాక్స్ ఆయనే. “మీ రిటర్నులు నేను వేసిపెడతానమ్మా, ఫీజొద్దు. ట్యాలీ వచ్చిన పిల్లలెవరైనా ఉంటే మార్చి దాకా పంపండి” అన్నారు. పంపాను. కుర్రాడు మా యూపీఎస్ బ్యాటరీ మార్చాడు. ఒక స్కూలుకు ఇవ్వడానికి అతనికి ఇంగ్లీషులో కొటేషన్ రాసిచ్చాను, ఏడాది కాంట్రాక్టు దొరికింది. కోచింగ్ సెంటర్లు ప్రెస్సుకు బాకీ పడ్డాయి. మా అమ్మాయిలు మధ్యాహ్నాలు కూర్చుని వాళ్లకు ఫోన్లు చేసేవాళ్లు. ప్రెస్ యజమాని అడిగితే రేపు, ఎల్లుండి అన్నవాళ్లే అమ్మాయి మర్యాదగా తేదీ అడిగేసరికి చెక్కులు పంపారు. బదులుగా ఆయన తన కాగితం స్టాకు మా గదిలో పెట్టుకుని సగం అద్దె భరించాడు.

ఎవరు ఎవరికి ఏం చేశారో నోట్‌బుక్ వెనక పేజీల్లో తేదీ వేసి రాసేదాన్ని. రాసిపెట్టుకుంటే మొహమాటం ఉండదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ప్రెస్ ఆయన పైకొచ్చాడు. “చెల్లె, మా బామ్మర్దికి మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు నీ లెటర్‌హెడ్ మీద రాసియ్యి. లెటర్‌హెడ్ కొట్టింది నేనే గదా, ఒక్క షీటు పోతే ఏం పోతది?”

“కాగితం నీదే అన్నా. సంతకం నాది” అన్నాను.

అమీర్‌పేటలో అలాంటి ఉత్తరాలు డబ్బిస్తే దొరికేవి. కంపెనీలు పాత ఉద్యోగాల గురించి విచారణ చేయిస్తాయి. దొరికితే చేరినవాడి ఉద్యోగం పోతుంది, ఇచ్చినవాళ్లను మళ్లీ గడప తొక్కనివ్వరు. ఇదంతా చెప్పాను. ఫ్రెషర్‌గానే మంచి రెజ్యూమె తయారుచేసి, తెలిసినచోటల్లా పంపుతానన్నాను. “అవసరానికి అన్న కావాలె, ఆపతికి అక్కరలేదా” అని దిగిపోయాడు. మర్నాడు కాగితం స్టాకు దింపించుకున్నాడు. అద్దె మొత్తం నా మీద పడింది. ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని నిలుపుకోలేకపోయాను. ఆమెకు టాక్స్ ఆయన దగ్గరే పని దొరికింది. ప్రెస్ ఆయన తర్వాత నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో సత్యాన్ని టెక్ మహీంద్రా తీసుకుంది. మాకు ఫోన్లు మళ్లీ మొదలయ్యేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది.

చిన్న ఆఫీసు నడిపేవాళ్లకు ఒక మాట. గడ్డురోజుల్లో సాయం అడగడానికి సిగ్గుపడకండి. డబ్బు లేకపోతే పనిగా అడగండి, పనిగానే తీర్చండి, రాసిపెట్టుకోండి. అవతలివాళ్లు ఎంత చేసినవాళ్లయినా సరే, మీ సంతకం మాత్రం ఆ లెక్కలో కలపకండి.