వడ్డికాసులవాడి ఇరుగుపొరుగు

సుఖంగా ఉన్నవాడెవడని యక్షుడు అడిగితే ధర్మరాజు చెప్పిన జవాబు చిన్నది. ఆలస్యంగా వండుకున్నా, ఆకుకూరే అయినా, తన ఇంట్లో తాను తింటూ, అప్పు లేకుండా, పరాయిచోట బతకాల్సిన అగత్యం లేకుండా ఉన్నవాడట. చెన్నైలోని తొండియార్‌పేటలో ఈ పరీక్ష పెడితే నెగ్గేవాళ్ళు కొద్దిమందే. తాతలనాడు పనికోసం వచ్చి చేరిన తెలుగువాళ్ళు కొందరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక ఉన్నచోటే ఉండి పరాయివాళ్ళయినవాళ్ళు ఇంకొందరు. అప్పు సంగతి వేరే చెప్పాలా?

తిరువొత్తియూరు హైరోడ్డు మీద నగల కొట్లూ ఉన్నాయి, అడగు (తాకట్టు) కొట్లూ ఉన్నాయి. ఒకచోట కొన్న గొలుసు ఇంకోచోటికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ గొలుసు కూడా లేనివాళ్ళకు సందుల్లో తండల్ ఉంది. కాగితం మీద 10,000 అని రాసి, వడ్డీ ముందే కోసుకుని, ఎనిమిదో తొమ్మిదో వేలు చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. సాయంత్రం బండి గుమ్మం ముందు ఆగుతుంది. "ఏమక్కా, ఇవాళ్టిది?" అధిక వడ్డీని నిషేధిస్తూ 2003లో తమిళనాడు తెచ్చిన చట్టం కందువట్టి, మీటరు వట్టి అనే వడ్డీ పద్ధతులతో పాటు తండల్‌నీ పేరుపెట్టి మరీ చెప్పింది. కానీ రేపటి ఇడ్లీ బండికి ఇవాళే మినప్పప్పు నానబెట్టాల్సిన మనిషికి ఏ బ్యాంకు అంత తొందరగా ఇస్తుంది?

అప్పు చేసి పప్పుకూడు అని వెక్కిరించడం మనకు అలవాటు. పప్పుకూటికోసం అప్పుచేసినవాళ్ళను ఈ పేటలో నేను పెద్దగా చూడలేదు. స్కూలు ఫీజు, ఆసుపత్రి, పెళ్ళి. వాయిదాల మీద టీవీ మార్చేవాళ్ళూ ఉన్నారు, ఆ మాట దాచను. అయినా పెళ్ళిదే పెద్దపద్దు.

పెళ్ళికి అప్పుచేసినవాళ్ళలో పెద్దవాడు మన వెంకన్నే. పద్మావతిని చేసుకోవడానికి కుబేరుడి దగ్గర 14 లక్షల రామముద్ర నాణేలు తీసుకున్నాడని వేంకటాచల మాహాత్మ్యం చెబుతుంది. పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. (చెట్టునెందుకు పెట్టారో! మిగతా ఇద్దరికంటే అదే కదలకుండా ఉంటుందని కాబోలు.) కలియుగం చివర అసలు, అందాకా వడ్డీ అని జనం నమ్మిక. వైకుంఠం వదిలి భూమ్మీద కొండ మీద ఉంటున్నాడు, పైగా బాకీదారు. ధర్మరాజు లెక్కలో ఆయనా సుఖి కాడు. అయినా మనవాళ్ళు ఆయన్ని వడ్డికాసులవాడని ముద్దుగానే పిలుచుకున్నారు. వీధిలో బాకీ ఉన్న మనిషికి ఆ ముద్దులో వీసమెత్తు కూడా దక్కదు.

నన్ను ఆలోచనలో పడేసేది కుబేరుడు. నేను విన్న ఏ కథలోనూ ఆయన గుమ్మం ముందుకొచ్చి కేకలేయలేదు, పదిమందిలో పరువు తీయలేదు. అప్పులో పాపమెక్కడుందని వెతికేటప్పుడు మనం తీసుకున్నవాడి గుణమే చూస్తాం. పెద్దలు ఇచ్చినవాడి వైపు కూడా చూశారు. అసలూ వడ్డీ కలిసి రెట్టింపు దాటకూడదని మనుస్మృతి హద్దు గీసింది. ఇదే పేటలో నమాజుకు వెళ్ళేవాళ్ళ ఖురాను వడ్డీనే వద్దంది, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువిమ్మంది. రోజూ సాయంత్రం బండేసుకుని వచ్చే కుర్రాడికి ఇవేవీ తెలియవు; వాడూ ఇంకొకరి డబ్బు తిప్పే జీతగాడే కావచ్చు. పాపం వాడి లెక్కలో రాయడానికి నాకు చెయ్యి రాదు. వెనక కూర్చున్నవాడి ఇంటికి మాత్రం ఏ బండీ రాదు.

పెరటాసి నెల శనివారం నామాలు పెట్టిన చెంబు పట్టుకుని గోవిందా అంటూ ఎవరైనా వస్తే, అప్పున్న ఇల్లూ రూపాయి వేస్తుంది, తండల్ తిప్పే ఇల్లూ వేస్తుంది. ఆ చిల్లర కొండెక్కి హుండీలో పడ్డాక ఏది చెమటోడ్చి సంపాదించిందో, ఏది గుంజుకున్నదో కుబేరుడే విడదీసుకోవాలి.