కాటాకు ముద్ర ఉందా?

ముప్ఫయి రెండేళ్లు తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి నేను. ఉద్యోగం వదిలింది గాని దాని జబ్బు నన్ను వదల్లేదు. కూరలకు వెళ్లి కూరలు చూడను, కాటా చూస్తాను. తట్ట కింద చింతపండు అంటించారేమోనని వేలితో తడుముతాను. మా ఆవిడ నాతో బజారుకు రావడం ఏనాడో మానేసింది. "మీతో వస్తే వంకాయలు దొరకవండీ, తగాదాలు దొరుకుతాయి" అంటుంది.

అలాంటి నేను, నా జన్మలోకెల్లా చిన్న కొలత ఒకదాన్ని, ముద్ర ఉందా లేదా అని అడక్కుండా నోరు మూసుకుని నమ్మేశాను. ఆ సంగతే మీకు చెబుదామని.

మా అమ్మాయికి పెళ్లయిన ఆరేళ్లకు కడుపు పండింది. అల్లుడు ఉద్యోగం ఒడిశాలో కావడంచేత మూడో నెలలోనే తెనాలి తీసుకొచ్చుకున్నాం. పన్నెండో వారం స్కానింగుకు నేనే వెంటబెట్టుకు వెళ్లాను. గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు, బెంచీల నిండా జనం. లోపలికి వెళ్లిన అయిదు నిమిషాలకే అమ్మాయి బయటికొచ్చింది. చేతిలో రిపోర్టు. అందులో ఒక అంకె కింద సిరాతో రెండు గీతలు: ఎన్.టి. 3.0 మిల్లీమీటర్లు.

మా లేడీ డాక్టరుగారు వివరంగానే చెప్పారు. కడుపులోని ప్రతి శిశువుకూ ఆ వారాల్లో మెడ వెనక చర్మం కింద పల్చని నీటిపొర ఉంటుందట. అది మరీ మందంగా ఉంటే డౌన్ సిండ్రోమ్‌లాంటి క్రోమోజోముల తేడాలకూ, గుండె లోపాలకూ అవకాశం పెరుగుతుందట. శిశువు పొడుగు 45 మిల్లీమీటర్లున్నప్పుడు 2.1, 84 ఉన్నప్పుడు 2.7. నూటికి తొంభై అయిదుగురి కొలత ఆ గీత లోపలే ఉంటుంది. మా బిడ్డ పొడుగు 60. పొర 3.0.

"ఇది అనుమానమే గాని నిర్ధారణ కాదు" అని ఆవిడ మూడుసార్లు చెప్పారు. మాకు ఒక్కసారీ వినబడలేదు.

ఆ తరవాత నాలుగు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చూసిపోవడానికొచ్చిన మా అక్కయ్య, "ఇంకా మూడో నెలేగా, ఏదో ఒకటి ఇప్పుడే తేల్చుకుంటే మంచిది" అని మా ఆవిడ చెవిలో చెప్పింది. గోడ అవతల పడుకున్న అమ్మాయికి అది వినబడింది. నాలుగో రాత్రి నా గదిలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నాన్నా, మూడు మిల్లీమీటర్లంటే ఎంతుంటుంది?"

బల్ల సొరుగులోంచి స్కేలు తీసి మూడు చిన్న గీతలు చూపించాను.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకు తెలివి రాలేదు. ఇంతే! అందులోనూ భయానికీ ధైర్యానికీ మధ్యనున్నది సగం మిల్లీమీటరు. అర కిలో బెండకాయలకు కాటా తిరగేసి చూసేవాణ్ణి, ఈ సగం మిల్లీమీటరును ఏ చెయ్యి కొలిచిందో, ఆ చేతికి ముద్ర ఎవరు వేశారో అడగలేదేం?

మర్నాడు డాక్టరుగారిని అడిగితే, "నేనూ అదే చెబుదామనుకుంటున్నాను. పద్నాలుగో వారం రాకముందే మళ్లీ కొలిపించండి" అని హైదరాబాదులో గర్భస్థ శిశువులకే ప్రత్యేకమైన ఒక డాక్టరుకు చీటీ రాసిచ్చారు.

ఆ డాక్టరమ్మకు మా అమ్మాయి వయసే ఉంటుంది. గదిలో గోడకు లండన్ ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ వారి సర్టిఫికెట్టు. స్కానింగు మొదలుపెట్టి, కాసేపటికి ఆపేసింది. "బిడ్డ తల బాగా వెనక్కి వాల్చి ఉందండీ. ఇలా ఉన్నప్పుడు కొలిస్తే 0.6 దాకా ఎక్కువ చూపిస్తుంది. గడ్డం గుండెకు ఆనించి ఉంటే 0.4 దాకా తక్కువ చూపిస్తుంది" అని అమ్మాయిని వరండాలో పచార్లు చేసి రమ్మంది. రెండోసారికి బిడ్డ సర్దుకుంది. తలా ఛాతీ మాత్రమే తెరంతా నిండేలా పెద్దది చేసి, సరిగ్గా పక్కవాటుగా పట్టి, బిడ్డ చర్మం ఏదో ఉమ్మనీటి సంచి పొర ఏదో విడివిడిగా కనబడేదాకా ఆగి, పొర అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట గీతల మీద గుర్తులు పెట్టింది. అలా మూడుసార్లు కొలిచి, అందులో పెద్ద అంకె రాసుకుంది. 1.9.

మా అమ్మాయి ఏడ్చింది. నేను పాత బొమ్మ తీసి చూపించాను. అందులో బిడ్డ ఒక మూల చింతగింజంత ఉంది, తల వెనక్కి వాలి ఉంది. "ఇంత చిన్న బొమ్మ మీద గుర్తు వెంట్రుకవాసి జరిగినా చాలునండీ" అంది. అంతకుమించి ఎవరినీ ఒక్క మాట అనలేదు.

నేను ఊరుకోలేక, "మరి మీ కాటాకు ముద్ర ఎవరు వేస్తారమ్మా?" అని అడిగాను. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. డాక్టరమ్మ నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈ నీటిపొర సంగతి లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ కైప్రోస్ నికొలాయిడిస్ బృందం 1992లో ప్రకటించిందట. చేతికొక రకంగా కొలిస్తే అంత మంచి పరీక్షా పనికిరాకుండా పోతుంది. 1995లో ఏర్పడిన ఆ ఫౌండేషన్ కొలిచేవాళ్లకు పాఠం చెబుతుంది, పరీక్ష పెడుతుంది, వాళ్లు తీసిన బొమ్మలు తెప్పించుకుని చూసి గాని సర్టిఫికెట్టు ఇవ్వదు. ఇచ్చి ఊరుకోదు. ఏటేటా కొలతలు ఆడిట్‌కు పంపితేనే, రిస్కు లెక్కగట్టే సాఫ్ట్‌వేరు లైసెన్సు కొనసాగుతుంది. అమెరికాలోనూ 2005లో ఇటువంటి ఏర్పాటే మొదలుపెట్టారట.

"ఒక్క బొమ్మ చూస్తే తప్పు దొరకదండీ. ఏడాది కొలతలన్నీ కుప్ప పోస్తే దొరుకుతుంది. సగం మధ్యగీతకు పైన, సగం కింద ఉండాలి. మొదటి ఏడాది నావి చాలామటుకు కిందకే ఉన్నాయి. తక్కువ కొలుస్తున్నానని ఆ గ్రాఫు చెప్పేదాకా నాకే తెలీదు" అంది. కాసేపాగి, "ఎక్కువ కొలిస్తే తల్లి ఏడుస్తూ మరొకరి దగ్గరికి పరిగెడుతుంది, తప్పు బయటపడుతుంది. తక్కువ కొలిస్తే నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోతుంది. నా తప్పు నాకు చెప్పడానికి ఎవరూ రారు" అంది.

నేను మాట్లాడలేకపోయాను. నా సర్వీసులో నా తనిఖీ గుండ్లను కూడా గడువు తప్పకుండా పైవాళ్ల ప్రమాణపు గుండ్లతో సరిచూసేవారు. ఒక ఏడాది నా గుండు ఒకటి అరిగి తేలికైందని తేలింది. అప్పటిదాకా ఆ గుండు సాక్షిగా ఎంతమంది వర్తకుల మీద కళ్లెర్రజేశానో! ఆ రోజు అన్నం సయించలేదు. ఆ పిల్ల చెప్పింది సరిగ్గా ఆ బాధే.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆలోచించాను. పంచదార తూచే గుండుకు రెండేళ్లకోసారి ముద్ర పడాలని చట్టం ఉంది. స్కానింగు యంత్రాన్ని రిజిస్టరు చేయించి, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపించే 1994 చట్టమూ ఉంది. అది ఆడపిల్లను కాపాడడానికి పుట్టింది, ఉండి తీరవలసిందే. కాని కొలత సరా కాదా అని చూడడం దాని పని కాదు. ఆ ముద్ర డాక్టరు తనంతట తాను పోయి వేయించుకోవలసిందే. అడిగేవాళ్లుంటే వేయించుకునేవాళ్లూ పెరుగుతారు.

రక్తపరీక్షలు కూడా కలిపి లెక్కగడితే నాలుగు వేలకు ఒకటి అని వచ్చింది. "ఒకటి అంటే సున్నా కాదండోయ్" అని డాక్టరమ్మ ఫోనులో హెచ్చరించింది. నాకు ఆ హెచ్చరికే ముచ్చటేసింది. అక్కడా 3.0 వచ్చి ఉంటే? ఏడ్చేవాళ్లమే. కాని నిజమైన అంకెకు ఏడ్చి, ఆపై పరీక్షకు వెళ్లేవాళ్లం. మా అక్కయ్య మాట వినేవాళ్లం మాత్రం కాదు.

మీ ఇంట్లో పన్నెండో వారం వస్తే, కొలిచేవారికి సర్టిఫికెట్టు ఉందా, ఈ ఏడాది ఆడిట్ అయిందా అని మర్యాదగా అడగండి. ముద్ర ఉన్నవాళ్లు కోప్పడరు. నా సర్వీసులో నేర్చుకున్నదదే.

మనవరాలు పుట్టింది. నర్సు పిల్లను తీసుకెళ్లి కాటా మీద పెట్టబోతుంటే, నా జబ్బు ఊరుకోదుగా, తొంగి చూశాను. ఖాళీ కాటా నలభై గ్రాములు చూపిస్తోంది.

"అమ్మా, ముందు సున్నా చెయ్యి" అన్నాను.

ఆ పిల్ల నా వంక ఒక చూపు చూసి, మీట నొక్కి, మనవరాల్ని పడుకోబెట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది గాని, ఈసారి తగాదా రాలేదు.