ఒకనాటి కూలి వెలగల ఉచిత న్యాయము

పటాన్‌చెరువు దాటి, ముత్తంగి దాటి, ఇస్నాపూరు చౌరస్తాలో బస్సు దిగి, పాశమైలారము పారిశ్రామికవాడకు పోవు దారి పట్టునప్పటికి రాత్రి షిఫ్టు విడిచి ఉదయపు షిఫ్టు చేరు సమయమగుటచే, నిద్రలేమిచే కన్నులెఱ్ఱబడి వచ్చువారును, అన్నపు డబ్బాలు చేతబట్టి పోవువారును ఒకే మార్గమున ఎదురెదురుగా సాగుచుండిరి. ఆ జనములో వినబడు భాషలను లెక్కింప నారంభించి, నారాయణఖేడు తెలుగు, పాలమూరు తెలుగు, బీహారు హిందీ, ఒడియా, బెంగాలీ అనునంతవరకు వచ్చి, ఆపై నేనెఱుగని భాషయొకటి చెవిని బడగా లెక్క మానుకొంటిని. 2025 జూన్ 30వ తేదీన ఒక ఔషధ కర్మాగారములో సంభవించిన ప్రేలుడుచే నలుబదిమందికి పైగా అసువులు బాసిన వాడ యిదియే. ఆనాడు లోపల ఎవరెవరుండిరో తేల్చుటకే దినములు పట్టిన సంగతి పత్రికలు చదువువారు మఱచియుండరు. కూలివాని పేరు ఏ పుస్తకమున నున్నదన్న ప్రశ్న ఇచట ప్రాణమున్నప్పుడును పోయినప్పుడును ఒక్కటే.

నేను వచ్చినది ఆ విషాదమును వ్రాయుటకు గాదు. పనిచోట వివక్షకు గురియైనవారు కాసు ఖర్చులేక న్యాయవాదిని పొందవచ్చునని చట్టము చెప్పుచుండగా, పొందబోవు మనిషి వెంట ఒక్కసారి నడచి చూడవలెనని వచ్చితిని. కార్మికసంఘములో తిరుగు మిత్రుడొకడు చాయహోటలు బల్లపై కూర్చున్న ఒక నడివయసు స్త్రీని చూపించెను. నారాయణఖేడు వైపు పల్లెనుండి వచ్చి, ప్లాస్టిక్ సామాను చేయుచోట కాంట్రాక్టరు క్రింద మూడేండ్లు పనిచేసినదట.

“ఇద్దరం ఒక్క మిషిను కాడనే నిలబడ్తం సారూ. గాయన డబ్బాలు తీస్తడు, నేను పేరుస్త. నడుమ నడుమ మారుతం గూడ. గాయనకు దినానికి వంద ఎక్కువ. గిదేందని కాంట్రాక్టరు నడిగితే, ఆడోళ్ల రేటు గింతే, చేస్తే చెయ్యి లేకుంటే పో అన్నడు. మల్లొక్కపారి అడిగిన. తెల్లారి గేటు కాడ పాసు గుంజుకున్నరు.”

ఈ ‘ఆడోళ్ల రేటు’ నేటి మాట గాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడములలో పనిచేసిన కూలీలకై వచ్చిన ఒక లేఖనే అర్జీగా స్వీకరించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చదివినవారికి, కనీస కూలి 9 రూపాయల 25 పైసలుండగా అందులో రూపాయి జమాదారులు పట్టుకొనుచున్నారనియు, స్త్రీల చేతికి 7 రూపాయలే చేరుచున్నవనియు అందుండిన ఫిర్యాదు జ్ఞప్తికి రాకమానదు. అప్పటికి సమాన వేతన చట్టము వచ్చి ఆరేండ్లు. ఇచ్చుకొను శక్తి మాకు లేదన్న యజమాని వాదము ఈ చట్టము ముందు చెల్లదని, 1987లో ఒక మహిళా స్టెనోగ్రాఫరు గెలిచిన వ్యాజ్యములో అదే న్యాయస్థానము స్పష్టపఱచినది. 1976 నాటి ఆ చట్టపు సారమిప్పుడు 2019 నాటి వేతనాల కోడ్‌లోనికి చేరినది. జమాదారు మాత్రము పేరు మార్చుకొని కాంట్రాక్టరైనాడు.

న్యాయసహాయము కోరి ఆమెతో కలిసి నేనెక్కిన బస్సు రుద్రారము, కంది మీదుగా సంగారెడ్డి చేరెను. ఈ పట్టణమున 1796లో కట్టిన పాత జైలును ప్రదర్శనశాలగా మార్చి, కొన్నియేండ్ల క్రిందట 500 రూపాయలు తీసికొని కుతూహలపరులను ఒకదినము ఖైదీలుగా నుంచిరి. జైలునకు రుసుము చెల్లించి, వకీలును ఉచితముగా పొందదగిన ఊరు దేశములో మఱియొకటి యున్నదో లేదో!

జిల్లా న్యాయస్థానముల ప్రాంగణములో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయమున్నది. జిల్లా జడ్జియే దీనికి అధ్యక్షుడు. బల్లవద్ద నున్న స్వచ్ఛంద సేవకురాలు “కూసో అక్కా, నీళ్లు తాగుతవా?” అని అడిగినపిదపనే కాగితము తీసినది. నేను మనసులో వేసికొన్న మార్కులలో సగము ఆ నీళ్లకే పోయినవి.

ఆదాయ ధ్రువపత్రము తేలేదే యని ఆయమ్మ బెదరుచుండెను, వారు అడుగనేలేదు. 1987లో చేయబడి 1995 నవంబరు 9నుండి అమలునకు వచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగల వారికిని, వికలాంగులకును, పారిశ్రామిక కార్మికులకును ఆదాయముతో నిమిత్తము లేకయే ఈ హక్కునిచ్చినది. కార్మికురాలనని నిరూపించుటకు కాగితము కావలెను, ఆ కాగితమునే కాంట్రాక్టరు గుంజుకొన్నాడు; కాని స్త్రీయగుటకు గేట్ పాసు అక్కఱలేదు గదా! కోర్టు రుసుము, వకీలు రుసుము, పత్రముల ఖర్చు అన్నియు సంస్థవే. అసలు వ్యాజ్యమునకు మాత్రము పనిచేసినట్లు సాక్ష్యము కావలెను. ఫోనులో కాంట్రాక్టరు పంపిన డబ్బుల లెక్కయు, తోడివారితో యంత్రము ముందు దిగిన ఫొటోయు బయటపడగా సేవకురాలి ముఖము వికసించినది.

అంతయు ఇంత సుగమమని పాఠకులు భ్రమింపరాదు. రాజ్యాంగపు సమానత్వపు అధికరణములు ప్రధానముగ ప్రభుత్వమును బంధించునేగాని ప్రైవేటు యజమానిని నేరుగా బంధింపవు. అన్ని వివక్షలను కలిపి నిషేధించు ఒక్క చట్టము మనకు లేదు. స్త్రీ వేతనమునకొకటి, లైంగిక వేధింపునకు 2013 నాటిదొకటి, వికలాంగులకు 2016 నాటిదొకటి, కులదూషణకు 1989 నాటిదొకటి. బీహారువాడవని ప్రక్కకు నెట్టబడినవాడు వీనిలో దేని గుమ్మమెక్కవలెనో చెప్పుటకైనను ముందొక వకీలు కావలెను. ఆ వకీలున్నాడని అతనికి తెలియదు. 15100 అను ఫోను సంఖ్యకు పిలిచినచో న్యాయసహాయపు త్రోవ తెలియును. ఆనాడు నేను నడచిన దారిలో కాంట్రాక్టర్ల ప్రకటనలు ఎన్నియో చూచితినిగాని ఆ అయిదంకెలను ఎచ్చటను చూడలేదు. ఇస్నాపూరు చౌరస్తా గోడపై తెలుగులో, హిందీలో, ఒడియాలో వ్రాయించుటకెంత యగును?

మధ్యాహ్నమునకు దరఖాస్తు నమోదైనది. కాంట్రాక్టరునకు నోటీసు పోవునని, వచ్చు మంగళవారము మరల రావలెనని చెప్పిరి. ఇప్పుడొక గోదాములో రోజుకూలికి పోవుచున్న ఆ తల్లి వ్రేళ్లపై లెక్కించుకొని, “ఇయ్యాల్ది పాయె, మంగారంది గూడ పాయె” అని, దరఖాస్తు నకలును నాలుగు మడతలు వేసి రవికలో దోపుకొనెను.